లిఫ్ట్ చేసిన బండికి తక్కువ ఖర్చులో స్టీరింగ్ లింకేజీ ఎంచుకోవడం ఎలా

బండిని మూడు అంగుళాలు పైకి లేపి, పెద్ద టైర్లు వేసుకుని రోడ్డెక్కగానే ముందుగా తెలిసేది స్టీరింగ్‌లో తేడానే. తిన్నగా పోతున్నా వీల్ ఒక పక్కకి వంకరగా ఉంటుంది. గతుకు తగిలితే మీరు తిప్పకుండానే బండి పక్కకి లాగుతుంది. రాళ్ల దారిలో ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఒకసారి వంగిందంటే ఇంటికి చేరేదాకా టెన్షనే. ఇది విన్న ప్రతివాళ్లూ లావుపాటి రాడ్లున్న కిట్ కొనమంటారు. కొనొచ్చు, కానీ దానికంటే ముందు పైసా ఖర్చు లేకుండా చేయాల్సిన పనులు రెండు మూడు ఉన్నాయి. అవి చేసి చూస్తే చాలాసార్లు కొనాల్సిన వస్తువే మారిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా ముందు యాక్సిల్ ఒకటే గట్టి దూలంలా ఉండి, స్టీరింగ్ బాక్స్‌తో నడిచే బండ్ల గురించి. జీప్ రాంగ్లర్, పాత చెరోకీ లాంటివన్నమాట. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ ఉన్న బండ్ల లెక్క వేరు, వాటికి ఇది పనికిరాదు.

ముందు బండి కిందికి దూరి చూడండి

స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి వేలాడే పొట్టి చెయ్యి పిట్‌మన్ ఆర్మ్. దాని నుంచి అడ్డంగా అవతలి చక్రం వైపు పోయే పొడుగు రాడ్ డ్రాగ్ లింక్. రెండు చక్రాలనూ కలిపి తిప్పేది టై రాడ్. చక్రం వెనక ఉండే ఇనప ముద్ద నకిల్, ఈ రాడ్లు వచ్చి తగులుకునేది దానికే. వీటన్నిటినీ కలిపి స్టీరింగ్ లింకేజీ అంటారు. ఇవి కాక ఫ్రేమ్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలుగా ఇంకో రాడ్ ఉంటుంది, అది ట్రాక్ బార్. స్టీరింగ్‌తో దానికి సంబంధం లేనట్టే కనిపిస్తుంది. కానీ లిఫ్ట్ చేసిన బండిలో స్టీరింగ్ బాధలు సగం దాని దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు టై రాడ్ రెండు కొసలూ ఎక్కడ తగులుకున్నాయో చూడండి. రెండూ నకిళ్లకే ఉంటే మంచిది. 2007 నుంచి వచ్చిన జేకే రాంగ్లర్‌లో ఇలాగే ఉంటుంది. ఒక కొస నకిల్‌కి, రెండో కొస డ్రాగ్ లింక్ మధ్యలో తగులుకుని ఉంటే అది తలకిందులు వై ఆకారం. 1984 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌జే చెరోకీలోనూ, 1997 నుంచి 2006 దాకా వచ్చిన టీజే రాంగ్లర్‌లోనూ ఉండేది ఇదే.

తేడా ఎందుకంటే, వై ఆకారంలో బండి లేచినకొద్దీ డ్రాగ్ లింక్ నిటారు అవుతుంది. దాని నడుముకి వేలాడుతున్న టై రాడ్ కూడా ఏటవాలుగా నిలుస్తుంది. ఏటవాలు పెరిగితే అడ్డంగా దాని పొడవు తగ్గినట్టే కదా. ఈ బండ్లలో రాడ్లు యాక్సిల్‌కి ముందు పక్కన ఉంటాయి కాబట్టి రెండు టైర్ల ముందు భాగాలూ లోపలికి లాగబడతాయి. ఒకసారి అలైన్‌మెంట్ చేయిస్తే నిలబడి ఉన్నప్పుడు సరిపోతుంది గానీ, సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మళ్లీ మారుతూనే ఉంటుంది. రాడ్ ఎంత లావైనా ఈ లక్షణం పోదు. కాబట్టి వై ఆకారం బండికి నాలుగు అంగుళాలు మించి లిఫ్ట్ చేసి ఉంటే లావు రాడ్ మీద పెట్టే డబ్బుని లింకేజీ ఆకారం మార్చడానికి దాచుకోవడమే మేలని నా అభిప్రాయం.

కొనేముందు ఆటలు, అంటే జాయింట్లలో వదులు, వెతకండి

దీనికి ఇద్దరు కావాలి. బండి చదునైన చోట నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు. చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఒకరు స్టీరింగ్‌ని కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా, గడియారంలో పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య తిప్పుతూ ఉండాలి. రెండోవాళ్లు చక్రాల దారిలోకి పోకుండా పక్క నుంచి చూస్తూ, ఒక్కో జాయింటూ గమనించాలి. కదిలే చోట్ల చేతులు, బట్టలు దూరంగా ఉంచండి. ఒక భాగం కదిలి దానికి తగిలిన రెండోది కాస్త ఆలస్యంగా కదిలితే అక్కడ ఆట ఉన్నట్టే. పిట్‌మన్ ఆర్మ్ దగ్గర మొదలుపెట్టి డ్రాగ్ లింక్ రెండు కొసలు, టై రాడ్ రెండు కొసలు చూడండి. తర్వాత ట్రాక్ బార్ రెండు కొసలనూ మరింత ఓపిగ్గా చూడండి. స్టీరింగ్ బాక్స్ ఫ్రేమ్ మీద కదులుతోందేమో కూడా చూడండి. ఎక్స్‌జే చెరోకీలో బాక్స్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్యూమినియం స్పేసర్ పగలడం బాగా తెలిసిన జబ్బు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. లిఫ్ట్ చేయించిన కొన్నాళ్లకి ఒక మాదిరి స్పీడులో వంతెన అతుకు దాటగానే ముందు భాగమంతా ఊగిపోవడం మొదలైంది. స్టీరింగ్ చేతిలో నిలవలేదు. బ్రేక్ వేసి పూర్తిగా నెమ్మదిస్తే గానీ ఆగలేదు. దీన్నే డెత్ వాబుల్ అంటారు. ఒక వర్క్‌షాప్‌లో స్టీరింగ్ డ్యాంపర్, అంటే ఊపుని అణిచే చిన్న షాక్ అబ్జార్బర్, మార్చమన్నారు, మార్పించాను. నెల రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ అదే ఊపు. చివరికి పైన చెప్పినట్టే ఒకరిని కూర్చోబెట్టి చూస్తే, యాక్సిల్ వైపు ట్రాక్ బార్ బోల్టు తన రంధ్రంలో అటూ ఇటూ జరుగుతోంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. బ్రాకెట్‌కి మందమైన ఉక్కు పలక వెల్డ్ చేయించి, సరైన కొలతలో రంధ్రం తీయించి కొత్త బోల్టు వేయిస్తే ఊపు పోయింది. డ్యాంపర్ చేసింది ఆ నెల రోజులూ జబ్బుని దాచిపెట్టడమే. అందుకే డెత్ వాబుల్‌కి మందుగా డ్యాంపర్‌నో లావు టై రాడ్‌నో ఎవరైనా చూపిస్తే, ముందు ట్రాక్ బార్, నకిల్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే బాల్ జాయింట్లు, రాడ్ కొసల్లో ఉండే జాయింట్లు అంటే టై రాడ్ ఎండ్లు, టైర్ బ్యాలెన్సింగ్, కాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే నకిల్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) చూపించమని అడగండి. లిఫ్ట్ చేస్తే కాస్టర్ తగ్గుతుంది. తగ్గితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, ఊపుకి లొంగిపోతుంది.

రెండు కోణాలు కొలవండి

ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటే చాలు. బండి చదునుగా, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు డ్రాగ్ లింక్ వాలు ఎన్ని డిగ్రీలో చూడండి. తర్వాత ట్రాక్ బార్ వాలు చూడండి. ట్రాక్ బార్ వంపులు తిరిగి ఉంటే ఫోన్‌ని రాడ్ మీద పెట్టకండి. ఒక కొస బోల్టు మధ్య నుంచి రెండో కొస బోల్టు మధ్యకి దారం కట్టి, ఆ దారం వాలు కొలవండి. అసలు లెక్క ఆ రెండు బిందువుల మధ్యదే.

రెండు వాలులూ దాదాపు ఒకటే అయి, పొడవులు కూడా దగ్గర దగ్గరగా ఉంటే యాక్సిల్ పైకి లేచినప్పుడు రెండూ ఒకే చాపంలో తిరుగుతాయి, స్టీరింగ్ కదలదు. వాలులు వేరైతే యాక్సిల్ ఒక దారిన, డ్రాగ్ లింక్ ఇంకో దారిన పోతాయి. ఆ తేడా చక్రాన్ని తిప్పేస్తుంది. బంప్ స్టీర్ అంటే ఇదే. రెండు మూడు డిగ్రీలు మించి తేడా ఉంటే మీరు ఏ భాగం కొన్నా ఆ తేడాని తగ్గించేదే కొనాలి, పెంచేది కొనకూడదు.

డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ విషయంలో చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. అది చవక, బిగించడం కూడా తేలిక. డ్రాగ్ లింక్ పై కొసని కిందికి దించి వాలు తగ్గిస్తుంది. కానీ ట్రాక్ బార్‌ని ఉన్నచోటే వదిలేస్తే రెండు వాలుల మధ్య తేడా కొత్తగా పుడుతుంది. పైగా చెయ్యి కిందికి దిగినకొద్దీ స్టీరింగ్ బాక్స్ షాఫ్ట్‌ని పక్కకి వంచే భారం పెరుగుతుంది. ట్రాక్ బార్ ఫ్రేమ్ కొసని కూడా అంతే దించే బ్రాకెట్ ఉంటేనే దాన్ని తీసుకోండి.

ఇప్పుడు ఎంచుకోండి, చవక నుంచి మొదలుపెట్టి

ఆట దొరికింది, వాలులు బాగున్నాయి, రాడ్లు తిన్నగా ఉన్నాయి అంటే మీకు కావాల్సింది మంచి టై రాడ్ ఎండ్లు మాత్రమే. గ్రీజు నిప్పుల్ ఉన్నవి తీసుకోండి. రబ్బరు బూటు మెత్తగా, పగుళ్లు లేకుండా ఉండాలి. రెండు అంగుళాల లిఫ్ట్, ఓ మాదిరి టైర్లు ఉన్న బండికి ఇంతకంటే పెద్ద ఖర్చు అక్కర్లేదు.

టై రాడ్ వంగిపోతోందని మీ బాధ అయితే, అదే కంపెనీ బరువైన మోడల్‌కి వేసిన రాడ్ మీ బండికి సరిపోతుందేమో వెతకండి. ఎక్స్‌జే, టీజే వాళ్లకి ఈ దారి ఎప్పటినుంచో తెలుసు. 1993 నుంచి 1998 దాకా వచ్చిన జెడ్‌జే గ్రాండ్ చెరోకీలో వీ8 ఇంజిన్ బండికి వేసిన టై రాడ్ బోలు గొట్టం కాదు, గట్టి కడ్డీ. అది ఈ బండ్లలో బిగుసుకుంటుంది. ఆకారం వై గానే మిగిలిపోతుంది కాబట్టి బంప్ స్టీర్‌కి ఇది మందు కాదు. 31, 32 అంగుళాల టైర్లతో రాళ్లలో తిరిగే బండికి మాత్రం పెట్టిన డబ్బుకి ఇంత గిట్టుబాటయ్యేది నాకు ఇంకోటి కనిపించలేదు. డ్యాంపర్ క్లాంప్ కొత్త రాడ్ మందానికి పడుతుందో లేదో ముందే చూసుకోండి.

ఆ పైమెట్టు బరువు ట్రక్కుల టై రాడ్ ఎండ్లతో కట్టుకునే లింకేజీ. వన్ టన్ స్టీరింగ్ అంటారు. అమెరికా జీఎం ట్రక్కుల ఎండ్లు ఎక్కువ వాడతారు, వాటి మర అంగుళంలో 7/8 వంతు, అంగుళానికి 18 చుట్లు. ఎండ్లు విడిగా కొనుక్కుని, గొట్టాన్ని మీ కొలతకి కోయించుకోవచ్చు. రాడ్ ఒక కొసకి ఎడమ మర, రెండో కొసకి కుడి మర ఉండాలి. అప్పుడే బండి మీదే రాడ్ తిప్పి పొడవు సర్దగలరు. చిక్కల్లా నకిల్ దగ్గరే. ఈ ఎండ్లలో నకిల్ రంధ్రంలోకి దిగే మేకు లావు, కాబట్టి ఆ రంధ్రాన్ని అదే వాలుకి, అంటే అడుగుకి ఒకటిన్నర అంగుళం టేపర్‌కి, రీమర్‌తో (రంధ్రాన్ని వాలుగా చెక్కే పనిముట్టుతో) పెంచాలి. మామూలు డ్రిల్లుతో పెంచితే టేపర్ పట్టదు, మేకు లోపల ఆడి ఒకరోజు తెగుతుంది. ఇక్కడ మాత్రం లేత్ పని బాగా తెలిసినవాళ్ల చేత చేయించండి, చవక చూడకండి. ఎండ్ పెద్దది కావడంతో 15 అంగుళాల రిమ్ లోపలి అంచుకి తగిలే ప్రమాదమూ ఉంది.

డ్రాగ్ లింక్‌ని నకిల్ కింద నుంచి పైకి మార్చడం జేకే వాళ్లు ఎక్కువగా చేసే పని. రంధ్రాన్ని డ్రిల్ చేసి టేపర్ స్లీవ్ పెడతారు. వాలు బాగా తగ్గుతుంది. దాంతోపాటు ట్రాక్ బార్ యాక్సిల్ కొసని కూడా లేపే బ్రాకెట్ తప్పనిసరి. ఆ బ్రాకెట్ ఖర్చు కూడా కలుపుకునే చవకా కాదా అని లెక్క వేసుకోండి.

హైమ్ జాయింట్ల, అంటే ఉక్కు కన్నులో గోళం తిరిగే జాయింట్ల, కిట్లు చూడ్డానికి బాగుంటాయి, చవగ్గానూ దొరుకుతాయి. దుమ్ము, బురద ఆపే బూటు వాటికి మామూలుగా ఉండదు కాబట్టి రోజూ రోడ్డు మీద నడిపే బండిలో త్వరగా అరిగి టకటకమంటాయి. కొన్ని దేశాల్లో రోడ్డు మీద వాటికి అనుమతి లేదు. స్టీరింగ్ భాగాలకి వెల్డింగ్ చేయడంపైనా నిషేధాలుంటాయి. మీ దగ్గరి నిబంధనలు చూసుకున్నాకే డబ్బు కట్టండి. అడవి దారులకే పరిమితమైన బండికి తప్ప నేను వీటిని సిఫార్సు చేయను.

లావు, మందం, లోహం

అమ్మేవాళ్లు గట్టి కడ్డీ అనీ, క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) అనీ ఊరిస్తారు. ఒక చిన్న లెక్క చూడండి. అంగుళం మందం గట్టి కడ్డీ ఒకటి. అంగుళంపావు మందం ఉండి, గోడ పావు అంగుళం ఉన్న గొట్టం ఇంకొకటి. రెండింటి అడ్డకోతలో ఉక్కు సరిగ్గా ఒకే అంత, అంటే బరువూ ఒకటే. కానీ వంగకుండా బిగువుగా నిలవడంలో గొట్టం కడ్డీకి రెండు రెట్లకు కాస్త పైనే. ఎందుకంటే బిగువు బయటి వ్యాసంతో చాలా వేగంగా, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అందుకే మందపాటి గోడ ఉన్న గొట్టాన్ని చూసి బోలుదని చిన్నచూపు చూడకండి. పల్చటి గోడ గొట్టం మాత్రం రాయి తగిలితే సొట్ట పడుతుంది, సొట్ట పడ్డచోటే మడత పడిపోతుంది.

క్రోమోలీ సంగతి కూడా ఇంతే. ఒకే కొలతలో మామూలు ఉక్కు, క్రోమోలీ ఎంత బరువుకి ఎంత వంగుతాయన్నది దాదాపు సమానం. క్రోమోలీ గొప్పదనం ఎక్కువ వంగినా తిరిగి తిన్నగా రావడం. రాళ్ల మీద తరచూ రాడ్ ఆనించేవాళ్లకి అది విలువైనదే. మట్టి దారుల్లో తిరిగేవాళ్లు ఆ డబ్బుతో బాల్ జాయింట్లు మార్చుకోవచ్చు.

పాత రాడ్ కొంటుంటే చదునైన అద్దం మీద దొర్లించి చూడండి, వంపు ఉంటే వెలుగు సందు కనబడుతుంది. నీలి రంగు తేలి ఉంటే ఎవరో కాల్చి సాపు చేశారన్నమాట, వదిలేయండి. వంగిన స్టీరింగ్ రాడ్‌ని కాల్చి తిన్నగా చేసి మళ్లీ వాడకూడదు.

బిగించేటప్పుడు

పాతది విప్పేముందు రెండు మేకుల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. కొత్తదాన్ని అదే కొలతకి పెట్టి బిగిస్తే అలైన్‌మెంట్ సెంటర్ దాకా నడిపించుకుపోయేంత తిన్నగా వస్తుంది. జాయింట్ ఊడదీయడానికి పుల్లర్ వాడండి. ఫోర్క్‌తో కొడితే బూటు చిరుగుతుంది.

టేపర్‌నీ రంధ్రాన్నీ గుడ్డతో తుడిచి పొడిగా బిగించాలి, గ్రీజు పూయకూడదు. సరిపోయిందో లేదో అనుమానం ఉంటే మేకు మీద మార్కర్‌తో నిలువుగా నాలుగు గీతలు గీసి, రంధ్రంలో పెట్టి ఒకసారి గట్టిగా తిప్పి తీయండి. గీతలన్నీ పైనుంచి కిందిదాకా సమానంగా చెరిగితే టేపర్ పట్టింది. ఒక అంచున మాత్రమే చెరిగితే ఆ జోడీ కుదరదు.

నట్టుని మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి బిగించండి. నట్టు ఊడకుండా వేసే పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే తర్వాతి గాడి వచ్చేదాకా ఇంకాస్త బిగించాలి. వెనక్కి వదలడం ఎప్పుడూ చేయకండి. ఎండ్ మర రాడ్‌లోకి దాని మందానికి ఒకటిన్నర రెట్లయినా దిగి ఉండాలి. ఎండ్ తిరగకుండా ఆపే జామ్ నట్టు బిగించేటప్పుడు రెండు కొసల జాయింట్లూ ఒకే తీరుగా నిలబడేలా పట్టుకోండి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వాలి ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జాయింట్ కొసకి తగిలి బిగుసుకుంటుంది.

టో, అంటే ముందు టైర్ల ముందు భాగాలు లోపలికి ఎంత తిరిగి ఉన్నాయన్నది, ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ముందు టైర్ల వెనక వైపు, యాక్సిల్ మధ్య ఎత్తులో చాక్‌పీస్‌తో ఒక్కో గుర్తు పెట్టి, వాటి మధ్య దూరం కొలవండి. బండిని ముందుకి తోసి అవే గుర్తులు ముందు వైపుకి, అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. అవే గుర్తులు వాడితే టైర్ వంకరల తప్పు లెక్కలోకి రాదు. ముందు వైపు దూరం వెనక దానికంటే 1.5 నుంచి 3 మి.మీ. తక్కువ ఉంటే సరి. ముందు టై రాడ్‌తో టో సర్దండి, ఆ తర్వాతే డ్రాగ్ లింక్ తిప్పి స్టీరింగ్ వీల్‌ని మధ్యకి తెచ్చుకోండి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండ్లలో వీల్ వంకరగా వదిలేస్తే, బండి జారుతోందనుకుని కంప్యూటర్ తనే బ్రేక్ వేస్తుంది. జేకేలో ఇది నిజంగా జరిగే విషయం.

చివరగా ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పించండి. రెండో చక్రం మీదా ఇలాగే చేయండి. రాడ్లు డిఫరెన్షియల్ కవర్‌కీ, ట్రాక్ బార్‌కీ, రిమ్‌కీ, బ్రేక్ గొట్టాలకీ తగలకుండా కనీసం వేలు దూరేంత సందు ఉండాలి.

బిగింపు అయ్యాక ప్రతి నట్టు మీదుగా రాడ్ మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. ఆ తర్వాత రాళ్ల దారికి వెళ్లొచ్చిన ప్రతిసారీ టార్చి వేసి కిందికి చూస్తే చాలు, గీత విరిగి రెండు ముక్కలుగా కనిపించిన నట్టు దగ్గరే మీ పని ఉంటుంది.